తక్కువ తిరిగిన బండి

మొన్న ఆదివారం మా అబ్బాయి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఎవరో అమ్మకానికి పెట్టిన మోటార్ సైకిల్ ఫొటో. పాతదే గానీ మెరిసిపోతోంది. "తిరిగింది చాలా తక్కువంట నాన్నా, కొనొచ్చంటావా?" అన్నాడు. మా ఇంట్లో బండ్ల సంగతి తెలిసినవాణ్నని నాకో పేరుంది. పనికిరాని బండ్లు కొనీ కొనీ వచ్చిన పేరు అది. "ఎందుకు తిరగలేదో కనుక్కోరా" అనబోయి నోరు మూసుకున్నాను. ఆ ప్రశ్న ఒకసారి మా బాబాయి ముందుకొచ్చింది. ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. యానాం దగ్గర కాలవ గట్టునున్న ఊరు వాళ్లది. కొబ్బరితోట, కాస్త వరిచేను. చాకింటి మడత నలగని పంచె, గుమ్మంలోంచి పిలిస్తే వీధి చివర వినబడే గొంతు. ఊళ్లో ఎవరికి తగువొచ్చినా ఆయన ముందుకే వచ్చేవారు. అలాంటి మనిషి నడివయసు దాటాక మోటార్ సైకిల్ కొన్నాడు. అది వసారాలో పిన్ని పాత చీర కప్పుకుని ఉండేది. పొద్దున్నే చీర తీసి, అద్దాలు, ట్యాంకు, ఆఖరికి చక్రం పుల్లలు కూడా తుడిచి, మళ్లీ కప్పి, తను మాత్రం సైకిలెక్కి తోటకి వెళ్లేవాడు. ఏంటి బాబాయ్ ఇదంటే, "వస్తువన్నాక జాగ్రత్తగా చూసుకోవాల్రా" అనేవాడు. ఈయన బండిని నడిపి అరగదీయడు, తుడిచి అరగదీస్తాడని మేం చాటున నవ్వుకునేవాళ్లం.

పిన్నిని చూసి మాత్రం ఎదురుగానే నవ్వేవాళ్లం. ఆవిడ కుడి మణికట్టు వంకర. నూతి దగ్గర జారిపడిందని చెప్పేవారు. ఆ చేత్తో కాఫీ అందిస్తే కొంత ఒలికి సాసరులో పడేది. "పిన్ని కాఫీ సగం మనకి, సగం సాసరుకి" అని ఒక మాట కట్టాను నేను. అది చుట్టాలందరికీ నచ్చింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ఒకరు అనేవారు. పిన్నీ నవ్వేది. బాబాయి మాత్రం లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. ఆయనకి సరసం తెలీదనుకునేవాణ్ని.

నాలుగైదేళ్ల కిందట బాబాయి ఆ బండి అమ్మేస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే మా బావ, అంటే మా అక్క మొగుడు, రొయ్యల చెరువుల మీద తిరగడానికి బండి వెతుకుతున్నాడు. "మా బాబాయి బండి కళ్లు మూసుకుని కొనొచ్చు" అన్నాను. మా బావ కళ్లు మూసుకుని మంచినీళ్లు కూడా తాగడు. వసారాలో గొంతుక్కూర్చుని మీటరు చూశాడు. దాన్ని నమ్మక బ్రేకు పెడలు రబ్బరు తడిమాడు, టైర్లు తడిమాడు. "మీటరు నిజమే చెబుతోంది. టైరు మీద కొత్త రబ్బరు నూగు కూడా పోలేదు" అన్నాడు. మరి మంచిదే కదా అన్నాను. ఆయన టైరు పక్కన బీటలు చూపించాడు, ఎంత తుడిచినా సముద్రపు గాలికి తుప్పెక్కిన పుల్లలు చూపించాడు, ట్యాంకు మూత తీసి పాతబడ్డ పెట్రోలు కంపు చూపించాడు. "నిలబెట్టిన బండి కూడా పాడవుతుందిరా. తిరగలేదు కదాని కొనేయకూడదు." అంటూ ఎడం పక్కకి వెళ్లి, అక్కడే ఆగిపోయాడు. లెగ్ గార్డు లోపలికి వంగిపోయి ఉంది.

"మావయ్యగారూ, ఇంత తక్కువ తిరిగిన బండి ఇంత గట్టిగా ఎక్కడ పడిందండీ?"

"స్టాండు మీంచి ఒరిగిందండి," అన్నాడు బాబాయి. ఆ గొంతు ఆయనది కాదు.

"స్టాండు మీంచి పడితే ఇలా వంగదండి. ఎవరికన్నా దెబ్బ తగిలిందా? కేసేమన్నా ఉంటే ముందే చెప్పెయ్యండి."

మాట తేలిక చేద్దామని నేను కలగజేసుకున్నాను. "కేసేంటి బావా! నడిపితే కదా గుద్దడానికి! ఏం బాబాయ్, అసలు నీకు బండి నడపడం రాదా ఏంటి?" అని పెద్దగా నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. అల్లుడుగారొచ్చారని పిన్ని కాఫీలు పట్టుకుని అప్పుడే గుమ్మం దాటింది. బావకి అందిస్తుంటే కాఫీ ఒలికింది. అలవాటుగా "సగం మనకి..." అని ఎత్తుకున్నాను.

"ఆ మాట ఇంకెప్పుడూ అనకురా," అన్నాడు బాబాయి. "దాని చెయ్యి నూతి దగ్గర విరగలేదు. నేను పడేశాను."

"ఇప్పుడెందుకండీ, అల్లుడుగారి ముందు..." అంది పిన్ని.

"ఆయన ముందే చెప్పనీ." బాబాయి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఉప్పాడలో పిన్ని వాళ్లక్క ఇల్లు సముద్రం ఒడ్డునే ఉండేదట. కెరటాలు పెరటిదాకా వచ్చేశాయని తెలిసి, ఇల్లుండగా ఒకసారి చూస్తానందట పిన్ని. వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకెళ్దామనే బండి కొన్నాడు. వచ్చీరాని డ్రైవింగుతో, ఊరు లేవకముందే బయల్దేరి, కాలవ గట్టు మలుపులో చేలోకి పడేశాడు. "కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్తే ఎలా జరిగిందని అందరూ అడుగుతారని, నాటు కట్టు కట్టించాను. అది వంకరగా అతుక్కుంది. నాకు బండి రాదని ఊళ్లో తెలియకూడదని దాని చెయ్యి పోగొట్టాను. మీరంతా దాన్ని చూసి నవ్వుతుంటే వింటూ ఊరుకున్నాను."

బావ కాఫీ కప్పు గచ్చు మీద పెట్టాడు. "మరి ఉప్పాడలో ఆ ఇల్లండీ?" అని అడిగాడు.

"ఆ మరుసటేడే సముద్రం తీసుకుపోయిందండి. అక్కా వాళ్లు ఊరి లోపలికి వచ్చేశారు," అంది పిన్ని. "కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

బావ లేచి బండి తీసుకుంటానన్నాడు. "మా మీద జాలిపడి కొనకండి బాబూ. బాగుంటేనే కొనండి," అంది పిన్ని. బావ నిజమే చెప్పాడు. టైర్లు, బ్యాటరీ మార్చాలి, ట్యాంకు కడిగించాలి, ఇంజను మాత్రం అరగలేదన్నాడు.

బండి స్టార్టవలేదు. ముగ్గురం వీధి చివర బావ పిలిపించిన ఆటో ట్రాలీ దాకా తోసుకెళ్లాం. వెనకనించి తోస్తున్నది బాబాయే. గేదెకి గడ్డి వేస్తున్న ఎదురింటాయన, "ఏంటండీ, బండి అమ్మేశారా?" అని కేకేశాడు. బాబాయి ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మేశానండి. నాకు నడపడం రాదు," అన్నాడు వీధంతా వినబడేలా. ఎదురింటాయన "అలాగాండీ" అని, ఇంకో మోపు విప్పుకున్నాడు. అంతే.

చెప్పులు మరిచిపోయానన్న వంకతో నేను వెనక్కి వెళ్లాను. "పిన్నీ, నేను ఇన్నాళ్లూ అన్న ఆ మాట..." అన్నాను. "ఏ మాటరా?" అంది కప్పులు కడుగుతూ. నిజంగా మరిచిపోయిందో, నన్ను గట్టెక్కించడానికే అలా అందో ఇప్పటికీ తెలీదు. అడిగే ధైర్యం ఆ రోజు లేదు. ఇంకొన్నేళ్లు పోతే వస్తుందనుకున్నాను. ఏళ్లు మాత్రమే పోయాయి.