ఎర్రనీళ్లల్లో పడిన వేటు

నువ్వెవురో నాకు తెలీదు. అదే మేలు. తెలిసినోళ్ల మొగం చూస్తే ఈ మాట నా నోట్లో నించి రాదు. ఎన్నోసార్లు గొంతు దాకా వచ్చింది, మళ్లీ మింగేసినాను. అన్నం తినేటప్పుడు, పండుకొనేటప్పుడు, ఊరికే గడప మీద కూర్చోని బీడీ కాల్చేటప్పుడు గూడా అది ఆడనే ఉంటాది. ఒక పిల్లోడి మీద అబద్ధం చెప్పినాను. వాడు నా సొంత అక్క కొడుకు. ఆ అబద్ధం వాడి బతుకును తినేసింది. ఇంకెంత చుట్టూ తిప్పి చెప్పేది? సంగతి అదే.

నాకు కోపం జాస్తి. ముందే చెప్పేస్తా, తర్వాత నన్ను మంచోణ్ణి అనుకోబాకు. ఎద్దు మాట వినకుంటే ఎద్దును బాదేవాణ్ణి, నాగలి మొరాయిస్తే నాగలిని తన్నేవాణ్ణి. మా అక్క నవ్వేది, "నీకు దోవలో రాయి అడ్డమొచ్చినా దాంతో కొట్లాడతావు గదరా" అని. ఆ నవ్వును నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఎంత ఎర్రిబాగులోణ్ణి.

మాది పుంగనూరుకు పైన మెట్ట పల్లె. శెనక్కాయ, రాగి, నాలుగు గొర్రెలు. ఏరు అని ఒకటి ఉండాది గానీ అది ఎప్పుడూ ఇసుకే. మా పిల్లోళ్లకు నీళ్లంటే బావిలో నీళ్లే. అందుకని ఏరు వచ్చిందంటే ఊరు ఊరంతా గట్టున ఉంటాది, ముసలోళ్లతో సహా. ఎమర్జెన్సీ పోయిన ఏడాది వానలు అట్టా ఇట్టా పడలేదు. పైనుండే చెరువులన్నీ నిండి పొర్లినాయి. ఏరు రెండు గట్లూ ఒరుసుకోని, ఎర్రమట్టి కలిసి, ముళ్లకంపలు మోసుకోని వచ్చింది.

ఎర్రనీళ్లల్లో చేపలు పట్టేదానికి ఒక పద్ధతి ఉండాది. నడి ఏట్లో జోరుకు చేప నిలవలేదు. గట్టు పక్కకు, గడ్డి మునిగిన చోటికి వచ్చి చేరతాది. ఆడ మోకాటి లోతు నీళ్లు చాలు. ఒకరు గడ్డి తొక్కుతా చేపల్ని తరమాల. ఒకరు గంప అడ్డం పెట్టి ఒంగోని ఉండాల. ఒకరు కత్తి పట్టుకోని పక్కన నిలబడాల. నీళ్లు బురద గదా, లోపల ఏముండాదో కనిపించదు. పైన చిన్న గీత కదిలితే దాని మీద వెయ్యాల. "సూడబాకండి, కదిల్తే వేసెయ్యండి. మీరు సూస్తా నిలబడితే సేప మద్రాసు చేరతాది" అని పిల్లోళ్లకు నేర్పింది నేనే. వాళ్లు పడీ పడీ నవ్వినారు. చూడొద్దు, నరుకు అని పసిబిడ్డలకు నేర్పించిన పెద్దమనిషిని నేను.

ఆ పొద్దు ఇద్దరు పిల్లోళ్లు నా పంచె పట్టుకోని వదల్లేదు. ఒకడు మా అక్క కొడుకు సీనప్ప. పదేండ్లు ఉంటాయేమో, బక్కోడు, నేనంటే ప్రాణం. ఇంకొకటి పక్కింటోళ్ల బిడ్డ రెడ్డెమ్మ, వానికంటే చిన్నది. "మామా, మాకూ సేపలు పట్టియ్యి మామా" అని ఒకటే పోరు. జోరు తగలని చోటు చూసి దింపినాను. గంప రెడ్డెమ్మకు ఇచ్చినాను. సీనప్ప చేతిలో వాళ్లమ్మ రాగి కోసే కొడవలి, రంపం మాదిరి పండ్లుండేది. నా చేతిలో మచ్చుకత్తి. మా ఇంట్లో కట్టెలు కొట్టేది, కంప నరికేది అదే. ఆ ముందు దినమే సాన పట్టించినాను.

మొదట్లో బాగనే ఉండె. చిన్న చేపలు గంపలో పడినాయి, పిల్లోళ్లు కేకలు. ఉన్నట్టుండి ఒక కొరమీను, నా మోచేయంత, గంప అంచు మీద ఎగిరి నా కాళ్ల సందులో నించి పోయింది. నేను వేసిన వేటు నీళ్ల మీద పడింది. దూరంగా గట్టు మీద నించి ఎవురో అరిచినారు, "ఏమప్పా, ఆ కత్తి ఎందుకు, ఏటికి గడ్డం గీస్తాండావా?" అని. అందరూ నవ్వినారు. ఆడోళ్లు గూడా. ఇంతకంటే ఏమీ లేదు, నమ్ము. నలుగురు నవ్విన దానికి నాకు ఒళ్లు మండింది. చేప మీద కాదు, ఆ నవ్వు మీద కసి.

మళ్లీ నీళ్లు కదిలినాయి. గంప పక్కనే. నేనూ వేసినాను, సీనప్పా వేసినాడు. ఇద్దరమూ ఒకటే సారి.

చేప మీద పడిన కత్తికి ఒక జారుడు ఉంటాది. ఈ వేటు జారలేదు. ఆగింది. ఆగి, దిగింది. ఆ దిగడం నా మణికట్టుకు తెలిసింది. గొర్రె కాలు కొట్టేటప్పుడు ఎట్టుంటాదో అట్ట.

గంప కింద చేప దూరిందని ఆ బిడ్డ చెయ్యి లోపలికి పెట్టింది. అంతే జరిగింది. మొదట ఏడవను గూడా లేదు. చెయ్యి పైకెత్తి చూసుకునింది. చిటికెన వేలు లేదు, దాని పక్కది లేదు, నడిమి వేలు తోలుకు వేలాడతా ఉంది. రక్తం ధారగా కారి నీళ్లల్లో పడితే ఏది రక్తమో ఏది ఏరో తెలీలేదు. అప్పుడు అరిచింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉండాది.

తువ్వాలు చుట్టినాను. భుజానికెత్తుకోని గట్టెక్కినాను. జనం ఇంకా పరిగెత్తుకోని వస్తాండారు, ఎవురూ చేరలేదు. సీనప్ప నా ఎనకాలే వచ్చినాడు, కొడవలి ఇంకా చేతిలోనే.

"మామా, నేనేనా? నా కొడవలేనా?"

వాడు అడిగినాడు. వానికి నిజంగా తెలీదు. బురదనీళ్లల్లో ఎవురి వేటు యాడ పడిందో వానికెట్ట తెలస్తాది?

నాకు తెలుసు. పండ్ల కొడవలి తగిలితే కండ పీలికలు పీలికలుగా చీలతాది. ఆ బిడ్డ వేళ్లు నున్నగా తెగినాయి. అదంతా పోనీ, నా మణికట్టుకు తెలిసింది గదా.

"నీదేరా," అన్నాను. "నీ కొడవలే తగిలింది."

ఎందుకన్నాను? ఇన్నేండ్లూ ఈ ఒక్క ప్రశ్న దగ్గిరే తిరుగుతాండాను. రెడ్డెమ్మ నాయనకు భయపడినానా? ఆయనా ఆయన తమ్ముళ్లూ కొట్టే చేతులు, అది నిజమే. పిల్లోడైతే తెలీక చేసినాడని వదిలేస్తారు, నేనైతే నరుకుతారు అనుకున్నానా? అనుకునేంత టైము గూడా లేదు, ఆ మాట దానంతట అదే వచ్చేసింది. భయంలో నా నోరు ఎవుర్ని ముందుకు తోసిందో చూడు. నన్ను నమ్మి నా ఎనకాల వచ్చే పిల్లోణ్ణి.

జనం చేరేసరికి సీనప్పే ఏడుస్తా, నా కొడవలే తగిలింది అని అందరికీ చెప్పేసినాడు. బిడ్డను మదనపల్లె ఆస్పత్రికి మోసుకోని పోయినాం. దోవ తెగిపోయి బస్సులు లేవు, మనుషులు మార్చుకుంటా మోసినాం. వేలాడే వేలు గూడా తీసేసినారు. ప్రాణం దక్కింది.

నేను ఊరికి తిరిగొచ్చేసరికి మా అక్క ఇంటి ముందర జనం. రెడ్డెమ్మ చిన్నాయన మా బావను కిందేసి తొక్కి పోయినాడంట, బావ పెదవి చీలి గడ్డమంతా రక్తం. ఆ ఉక్రోషమంతా సీనప్ప మీద. ఎద్దుల్ని తోలే చర్నాకోలతో కొడతాండాడు. వీపు మీద తోలు లేచిపోయింది. మా అక్క అడ్డం పోతే ఆమెకూ పడినాయి. వాడు తప్పించుకోలేదు, అది చూడు. చేతులు అడ్డం గూడా పెట్టలేదు. నేనే చేసినాను, నేనే చేసినాను అని కొట్టించుకుంటాండాడు.

ఆ తర్వాత బావ వాణ్ణి కట్టెలు కొట్టే మొద్దు దగ్గిరికి ఈడ్చుకోని పోయినాడు. కుడిచెయ్యి దాని మీద పెట్టి మోకాలితో అదిమినాడు. "వాళ్ల బిడ్డకు పోయినన్ని నీకూ తీస్తా, అప్పుడు సరికి సరి" అని కత్తి ఎత్తినాడు. అది నా మచ్చుకత్తే. ఆస్పత్రికి పోయే ముందు కడిగి అక్కోళ్ల గోడకు ఆనించి పోయినాను, అది ఆయన చేతికి దొరికింది.

నేను దూకినాను. బావ చెయ్యి పట్టుకోని వెనక్కి విరిచినాను, కత్తి లాగి పారేసినాను, ఆయన్ను గోడకేసి గుద్దినాను. సీనప్పను ఎత్తుకున్నాను. వాడు నా మెడ కరుచుకున్నాడు. జనం ఏమన్నారో తెల్సునా? మేనమామ అంటే అట్టుండాల అన్నారు. ఊళ్లో ఆ పేరు నాకు నిలిచిపోయింది. దేవుడు మాదిరి అడ్డం పడినాడు అని మా అక్క చచ్చేదాకా చెప్పింది. అప్పుడే ఒక్క మాట చెప్పుంటే? జనమంతా ఆడనే ఉండారు, కత్తి కింద పడి ఉండాది, అంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. నేను నోరు మూసుకోని ఆ పొగడ్త తీసుకున్నాను.

సీనప్ప మళ్లీ కొడవలి ముట్టలేదు. మెట్ట సేద్యగాడి ఇంట్లో కొడవలి పట్టనోడు ఎట్ట బతకతాడు? రాగి కోతలకు వాడు గట్టున కూర్చోని ఏడ్చేవాడు. దానికి గూడా బావ కొట్టేవాడు. వయసొచ్చినాక రెడ్డెమ్మను నేనే చేసుకుంటా అని పట్టుబట్టినాడు. ఆ చేతిని చూసి ఆమెను అడిగేదానికి ఇంకెవురూ రాలేదు. పెండ్లిలో మేనమామ ముచ్చట్లన్నీ నాకే జరిపించినారు. కొత్త పంచె కట్టుకోని పీటల పక్కన నిలబడినాను. సిగ్గు లేదా నీకు అంటావేమో. ఉండాది. సిగ్గుతోనే నిలబడినాను, నిలబడింది మాత్రం నిజం.

ఇద్దరూ కుప్పం పోయినారు. ఆడ రాళ్లు కోసే పని, సీనప్ప మోసేదానికి చేరినాడు. తాగుడు పట్టుకుంది. రెడ్డెమ్మను ఒక దెబ్బ గూడా వెయ్యలేదంట. తాగినాడంటే తన కుడిచేతినే గోడకేసి గుద్దుకుంటాడంట, రక్తం వచ్చేదాకా. ఈ సంగతి నాకు తెలిసినా నేను కదలలేదు. తాగినోళ్లు ఏమేమో చేస్తారులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మొన్న ఎండాకాలంలో కబురొచ్చింది, సీనప్ప చేతి మీద రాయి జారి పడిందని. బస్సెక్కి పోయినాను. రేకుల కొంపలో మంచం మీద ఉండాడు, కుడిచేతికి మోచెయ్యి దాకా కట్టు. రెడ్డెమ్మ నన్ను గుమ్మం దగ్గిరే ఆపి మెల్లగా చెప్పింది. "రాయి జారలేదు మామా. తనే బండ మీద సెయ్యి పెట్టి, ఎడం సేత్తో సమ్మెట వేసుకున్నాడు. వేళ్లు ఇంక లేవు."

లోపలికి పోయి కూర్చున్నాను. రెడ్డెమ్మ తినే తట్టలో సంగటి పెట్టి నా ముందర పెట్టింది. నేను తట్ట ముట్టలేదు. చెప్పేసినాను. మచ్చుకత్తి నాది, వేటు నాది, నాకు ఆ పొద్దే తెలుసు, నీదని చెప్పింది అబద్ధం అని అంతా చెప్పేసినాను. తల దించుకోని చెప్పినాను.

సీనప్ప నవ్వినాడు. "పో మామా," అన్నాడు. "నా బాధ సూడలేక నీ మీద ఏసుకుంటాండావు. ఆ పొద్దు మా నాయన కత్తికి అడ్డం పడినోడివి నువ్వు. నువ్వు అట్టాంటి పని సేస్తే నేను నమ్ముతానా?"

దేవుని మీద ఒట్టు పెట్టినాను. చచ్చిపోయిన మా అక్క మీద ఒట్టు పెట్టినాను. వాడు కండ్లనీళ్లు పెట్టుకోని ఇంకా నవ్వుతానే ఉండాడు. నా కోపం నీకు తెల్సు గదా. లేచి వాని చెంప పగిలేట్టు కొట్టినాను, నమ్మురా నా కొడకా అని. మంచం మీద పడుండే వాణ్ణి, చెయ్యి లేనోణ్ణి కొట్టినాను. వాడు ఒంగి, బాగుండే ఎడం చేత్తో నా కాళ్లు పట్టుకున్నాడు. నువ్వు దేవుడివి మామా అన్నాడు.

రెడ్డెమ్మ మాత్రం చాలాసేపు నా చేతి వైపు చూసింది. ఆ తర్వాత వచ్చి, నేను ముట్టని సంగటి తట్టను నా ముందర నించి తీసుకోని బయటికి పోయింది. మళ్లీ లోపలికి రాలేదు.

ఆమె నమ్మింది. నమ్మాల్సినోడు నమ్మలేదు. ఇంక చచ్చినా వాడు నమ్మడు, నేను కొనుక్కున్న మంచి పేరు అట్టాంటిది. రెడ్డెమ్మ చెప్తే వింటాడేమో, చెప్తాదో లేదో నాకు తెలీదు, అడిగే మొగం నాకు లేదు.

అందుకే నీకు చెప్తాండాను. నా పేరు నీకు తెలీదు, నా మంచితనం గురించి నీకెవురూ చెప్పలేదు, నిన్ను నేను ఏ కత్తి నించీ కాపాడలేదు. నువ్వు నమ్మేదానికి అడ్డం ఏమీ లేదు. రెడ్డెమ్మ వేళ్లు నరికింది నేను. సీనప్ప చెయ్యి నలగ్గొట్టింది గూడా నేనే. క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. ఒక్క మనిషికన్నా నిజం నిజంగా చేరింది, అది చాలు నాకు.