మోదుగ రంగు చేతులు

ఇంటికి ఎవరు వచ్చినా మా చిన్నమ్మ చేతులు కొంగు కింద దాచుకునేది. మోదుగ పూలు ఉడికించిన రంగు ఆమె వేళ్లకు పట్టి ఉండేది.

దేవరకొండలో మాది మగ్గాల ఇల్లు. అప్పటికి కరెంటు రాలేదు. వంటకూ, చిన్నాయన మగ్గానికి నూలు కండెలు చుట్టడానికీ మధ్య దొరికిన కాసేపట్లో ఆమె తాటాకు విసనకర్రల మీద చిలుకలు, సీతాఫలం కొమ్మలు వేసేది. పక్కింటి అవ్వ వాటిని బస్సుల దగ్గర అమ్మి పెట్టేది. ఇంటి ఆడది బొమ్మలు అమ్ముకుంటున్నదని నలుగురికీ తెలిస్తే చిన్నాయనకు నామోషీ.

ఒక ఎండాకాలం కులపెద్దలు మా ఇంటికి భోజనానికి వచ్చారు. వాళ్లలో ఒకాయన విసురుకుంటున్న విసనకర్రను తిప్పి చూశాడు.

"గీ చిలుక ఎగిరిపోయెటట్లున్నదిర. యాడ కొన్నవ్?"

"నార్కట్‌పల్లిల," అన్నాడు చిన్నాయన.

"మా బిడ్డ పెండ్లిల అందరికి ఇవే ఇద్దాం. గా దుకాణం జర చూపియ్యి."

చారు గిన్నెతో వస్తున్న చిన్నమ్మ గడపలోనే ఆగి భర్త వైపు చూసింది. ఆయన విస్తరిలోకి చూస్తూ, "గా దుకాణం బందైంది మామా," అన్నాడు.

ఆమె అందరికీ చారు వడ్డించింది. తరువాత మళ్లీ కుంచె పట్టలేదు. మరుసటి ఏడు మోదుగలు పూసినప్పుడు, "పూలు తెమ్మంటవా?" అని చిన్నాయన అడిగాడు.

"దుకాణం బందైందంటివి గద," అన్నది.

వేళ్ల రంగు పోయింది కానీ దాచుకునే అలవాటు పోలేదు.

ఆమె చనిపోయిన రోజు ఎవరో ఆమె చేతులను కొంగు కింద సర్దారు. చిన్నాయన పక్కన కూర్చొని, వాటిని అందరికీ కనిపించేటట్టు బయటికి తీసి పెట్టాడు.