నాయన చుట్టిన తాంబూలం

మా నాయనకు హిందూపురంలో కిరాణా కొట్టు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన బెంగళూరు నుంచి వేడిగాలి కొట్టే గన్ను ఒకటి, ష్రింక్ కవరు చుట్టలు కొన్ని తెచ్చాడు. వస్తువుకు ఆ కవరు చుట్టి గన్ను పెడితే చాలు, ముడుచుకుపోయి చర్మంలా అతుక్కుంటుంది. మొదట కొట్లో సబ్బులు చుట్టాడు. తర్వాత ఇంటి మీద పడ్డాడు. టీవీ రిమోటు, గోడ గడియారం, చివరికి అమ్మ పోపులపెట్టె. ఆ పూట మా పప్పుకు తిరగమోత లేదు.

నా నిశ్చితార్థం నాడైనా ఊరుకుంటాడనుకున్నాను. నా ఖర్మ! మగపెళ్లివాళ్లకు ఇవ్వాల్సిన తాంబూలం పళ్లాన్ని ఆకులూ వక్కలూ టెంకాయతో సహా బిగించి పెట్టాడు. దుమ్ము పడదట, ఈగ వాలదట. ఆ వేడికి తమలపాకులు సగం ఉడికాయి.

పెనుకొండ నుంచి వాళ్లు వచ్చారు. రాహుకాలం రాకముందే తాంబూలాలు మార్చుకోవాలి. పెళ్లికొడుకు నాకు చూసిన రోజే నచ్చాడు. ఇది తప్పిపోతే నేనేమైపోవాలని ఒకటే దడ. నాయన మాత్రం గర్వంగా పళ్లెం చాచాడు. కవరు మీదుగా ఇస్తే తాంబూలం కాదని, ఆకు చేతికి తగలాలని పురోహితుడు అన్నాడు. నాయన గోళ్లతో గీకాడు. పట్టు దొరకలేదు. మా మేనమామ కత్తెర తెస్తే, శుభమా అని తాంబూలానికి కత్తెర పెడతారా అని పెళ్లికొడుకు మేనత్త కస్సుమంది. ఇంకో రోజు చూసుకుందామని పెళ్లికొడుకు నాయన లేవబోయాడు. పెళ్లికొడుకేమో నేలచూపులు చూస్తున్నాడు.

నాకు ఒళ్లు మండింది. తల వంచుకుని కూర్చోమన్న అమ్మ మాట గాలికొదిలి, పళ్లెం లాక్కుని, అంచు దగ్గర కవరును పళ్లతో పట్టి పరపరా చించేశాను.

ఎంగిలైపోయిందని మేనత్త బుగ్గలు నొక్కుకుంది. అమ్మ ఏడుపు మొహం పెట్టింది.

పెళ్లికొడుకు అవ్వ మెల్లగా లేచి వచ్చి, చిరిగిన కవరును వేలితో ఎత్తి చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఎంగిలైండేది కవరప్పా, ఆకు కాదు. నీ కొడుకు సోడా మూత గూడా తీయల్యాడు. ఇంట్లో ఒకరికన్నా పండ్లు గట్టిగా ఉండల్ల. తీస్కో తాంబూలం."

ఆయన చేతులు చాచాడు. పెళ్లికొడుకు అప్పుడు తలెత్తి నన్ను చూశాడు, చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు సిగ్గు వచ్చింది అప్పుడే.