కోడి కడుపులో పొట్లం

కుట్టుపని చేసి ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తున్న టైలరమ్మ ఏనాడూ ముక్కలు కొట్టిన కోడిని కొనలేదు. ముక్కలకు ధర ఎక్కువ, పైగా మెడా వెన్నూ ఎటు పోతాయో తెలియదు. నిండు కోడిని ఇంటికి తెచ్చుకుని, కీలు దొరికేదాకా వేలితో తడిమి, అక్కడ కత్తి ఆనించిందంటే చాలు, తొడ ఊడి చేతిలోకి వచ్చేసేది. తొడలు ఒక పూటకు, రొమ్ము మరో పూటకు, ఎముకలు సూపుకు. కందనకాయ, కార్జం మాత్రం పెద్దపిల్లవి. వాటి కోసం ఆ పిల్ల వారమంతా కాచుక్కూర్చునేది.

ఆ ఆదివారం కోళ్ళ దుకాణం కిటకిటలాడుతోంది. టైలరమ్మ సంచిలో చూసుకుంటే ఎప్పుడూ విడిగా కట్టి ఇచ్చే కందనకాయ పొట్లం కనిపించలేదు. ఒళ్ళు మండిపోయింది.

"పసిపిల్లల నోటి దగ్గరది కాజేస్తావా? ఇది దొంగతనం కాదూ?"

వరుసలో వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. దుకాణదారు ముఖం జేవురించింది. ఇంకో పొట్లం కట్టి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి కోడి కడుపులో చెయ్యి పెడితే చల్లగా ఏదో తగిలింది. పొట్లమే.

"అమ్మా, రెండొచ్చాయే!" అని పెద్దపిల్ల గంతులేసింది. టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది.

వెంటనే వెళ్ళి చెప్పేస్తే సరిపోయేది. వెళ్ళలేదు. మూడు వారాలు చుట్టు తిరిగి వేరే దుకాణానికి నడిచింది. ఈలోగా దుకాణదారు భార్య కూతురికి గౌను కుట్టించుకోవడానికి వచ్చింది.

"ఈ మధ్య మా షాపుకి రావట్లేదేం వదినా? ఒంట్లో బాగుండలేదా?"

అతను ఇంట్లో కూడా చెప్పుకోలేదన్నమాట. టైలరమ్మ టేపు వెతుకుతున్నట్టు నటిస్తూ తల దించేసుకుంది.

నాలుగో ఆదివారం దుకాణానికి వెళ్ళి, అందరికీ వినపడేలా చెప్పింది.

"అన్నయ్యా, ఆ రోజు పొట్లం కోడి కడుపులోనే ఉంది. నిన్ను ఊరికే దొంగన్నాను."

"తెలుసమ్మా. పెట్టింది నేనేగా."

"మరి అప్పుడే అనొచ్చుగా?"

"అంతమందిలో కోడి కడుపు తెరిచి చూపిస్తే నువ్వేమైపోయేదానివి?"

ఆ మాటకు ఆమె సగం చచ్చిపోయింది. చెప్పేసింది గానీ బరువు దిగలేదు. ఆనాటి అరుపు విన్నవాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు వరుసలో లేరు. వాళ్ళ దృష్టిలో అతనింకా దొంగే.