చెరువులో ఎర్ర పిట్టలు లేవు

దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్బీనగర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకు పర్యావరణం చెప్పేవాణ్ణి. కర్లూ శాండ్‌పైపర్ అనే పిట్ట నాకు కంఠతా వచ్చిన పాఠం. సైబీరియాలో గుడ్లు పెడుతుంది, చలికాలం మన బురదనేలలకు వస్తుంది, ఏటేటా తగ్గిపోతోంది, ముప్పు అంచున ఉన్న జాబితా నుంచి ఏకంగా ముప్పులో పడ్డ జాబితాకు మారింది. ఒక్క మార్కు గ్యారంటీ అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. నోట్సులో దాని బొమ్మ కూడా ఉండేది, ఇటుక రంగులో, వంగిన ముక్కుతో. అసలు పిట్టను మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

అంత తెలిసినవాణ్ణని పక్షుల్ని లెక్కపెట్టే బృందంవాళ్లు నన్ను ఏరికోరి పిలిచారు. ఏటా చలికాలంలో ఒక ఉదయం సరూర్‌నగర్ చెరువులో ఒక మూల నా వంతు. మూడేళ్లు బైనాక్యులర్ పట్టుకుని ఎర్ర పిట్ట కోసం వెతికాను. బురదలో తిరిగే బూడిదరంగు పిట్టలు అడ్డమొస్తే చప్పట్లు కొట్టి తోలేవాణ్ణి కూడా. మూడేళ్లూ కాయితంలో దాని పేరు ఎదురుగా సున్నా వేశాను. ఆ సున్నాల గురించి క్లాసులో గొంతు వణికిస్తూ చెబితే వెనక బెంచీవాళ్లు కూడా రాసుకునేవారు.

నాలుగో ఏడు అదే గట్టు మీద మా ఇంటి ఓనరమ్మ వాకింగ్ చేస్తూ ఎదురైంది. పోచంపల్లి నేత కుటుంబం ఆవిడది, పెళ్లయ్యేదాకా నూలుకు రంగులు వేసిన చెయ్యి. దేనికోసం వెతుకుతున్నానో చెప్పి బొమ్మ చూపించాను. ఆవిడ బొమ్మను చూసి, బురదను చూసి, చివరికి నన్ను చూసింది.

"ముంగటనే ఉన్నయ్ గద సార్, వాకింగ్‌ల ఏటా సూస్తనే ఉంట. గా ముక్కు సూడుండ్రి. ఎరుపు ఇప్పుడే ఎక్కది. ఎండలు ముదిరినంక, పోయే ముంగట, రొమ్ము మీద జర జర ఎక్కుతది."

ఫోన్లో వెతికితే ఆవిడ మాటే నిజమైంది. ఎరుపు గుడ్లు పెట్టే కాలంలో వచ్చే రంగట, మన దగ్గర చలికాలమంతా బూడిదేనట. పెళ్లిబట్టల ఫొటో పట్టుకుని మనిషిని కూరగాయల మార్కెట్లో వెతికినట్టయింది నా పని.

ఆవిడ లెక్కపెడితే నేను రాశాను. కాయితం అందుకున్న బృందం పెద్దాయన, ఈ పిట్ట ఇక్కడ మళ్లీ పెరుగుతోందని తెగ సంబరపడ్డాడు. సిగ్గు చంపుకుని అసలు సంగతి చెప్పాను. మరి పాత సున్నాల మాటేమిటని ఆయన అడిగాడు. పిట్టలు తగ్గిపోతున్నాయని క్లాసుల్లో కంటనీరు పెట్టుకున్నవాణ్ణి, ఉన్నవాటిని నేనే లేకుండా చేశానని అప్పుడు నిజంగా బాధేసింది.

ఇంటికెళ్లగానే ఓనరమ్మను అడిగాను, ఆ మూడేళ్లూ అవి వచ్చాయా, వస్తే ఎన్ని వచ్చాయని.

"అచ్చినయ్ సార్. ఏడాదికింత తక్కువైతున్నయ్ గని అచ్చినయ్. ఎన్నంటే ఇప్పుడెట్ల చెప్త? మూడేండ్ల సంది మా కింది పోర్షన్లనే కిరాయికి ఉన్నరు, ఒక్కనాడన్న నన్ను అడిగిన్రా?"