పన్నెండో నంబరుకు మాట గడిలో ఒక మార్కు

2022 వానాకాలం. జాతీయ మహిళా రగ్బీ జట్టును ఎంపిక చేయడానికి కరీంనగర్‌లో ఒక కాలేజీ మైదానంలో మూడు వారాల క్యాంపు పెట్టారు. వచ్చిన అమ్మాయిలు నలభై మంది, విదేశంలో పోటీకి పంపాల్సింది ఇరవై ఆరుగురిని. ఎంపిక చేసేవాళ్లం ముగ్గురం: మా హెడ్ కోచ్ మేడం, ఒడిశా నుంచి వచ్చిన ఒక సారు, నేను. నేను పుట్టింది ఆదిలాబాద్‌లో, పనిచేసేది లక్సెట్టిపేటలో, ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆటల టీచరుగా. రగ్బీ నేర్పుతానంటే మా వాడకట్టులో ఇప్పటికీ నవ్వుతారు. కోడిగుడ్డు లాంటి బంతి కోసం బురదలో పడి కొట్టుకునే ఆటేనా అంటారు. నేనూ కాదనను.

జట్టులో పదిహేను మంది ఉంటారు. పన్నెండో నంబరు అమ్మాయిని ఇన్‌సైడ్ సెంటర్ అంటారు, పదమూడో నంబరును ఔట్‌సైడ్ సెంటర్. ఇద్దరూ మైదానం నడిమధ్యలో పక్కపక్కన నిలబడతారు. ఎదుటి జట్టు బంతితో దూసుకొచ్చినప్పుడు వీళ్లిద్దరి మధ్య సందు కోసమే చూస్తుంది. ఎవరు ఎవరిని పట్టాలి, ఎవరు బయటికి జరగాలి అన్నది రెప్పపాటులో తేలాలి. అందుకే సెంటర్లను జంటగా ఎంచాలి. తడిచీరను ఇద్దరు చెరొక కొస పట్టుకుని మడతపెట్టే పని లాంటిది అది, ఒకరు ముందై ఒకరు వెనకైతే చీర బురదలో పడుతుంది. ఈ మాట పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటాను. ఎంచే దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను విడివిడిగానే మార్కులేశాను.

నేను ఫారాల మనిషిని. ప్రతి అమ్మాయికి ఒక కాగితం, అందులో గడులు: పాస్, ఎదుటిదాన్ని పట్టి పడేసే ట్యాకిల్, కిక్, ఉరుకుడు, మాట. చివరిదాన్ని మేం టాక్ అంటాం. ఎదుటివాళ్లు వస్తున్నారని, నువ్వు ఇటు పో, నేను దీన్ని పడతాను అని పక్కదానికి అరిచి చెప్పడమే టాక్. సెంటర్ల దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువ చూసే గడి అదే.

పదమూడో నంబరు గురించి మాకు గొడవే లేదు. మందమర్రి బొగ్గుగని కాలనీ నుంచి వచ్చిన శిరీష. వాళ్ల బాపు గనిలో పనిచేస్తాడు. ఆ పిల్ల నోరు నిద్రలో కూడా ఆగదని గదిలో పడుకునేవాళ్లు ఫిర్యాదు చేసేవారు. పన్నెండుకే ఇద్దరు పోటీ. ఒకామె మోనాలి, మహారాష్ట్ర అమ్మాయి, ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి, గొంతు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది. ఆదిలాబాద్ దాన్ని కాబట్టి నాకు మరాఠీ వచ్చు. పొద్దున చాయ్ దగ్గర ఆమెతో మరాఠీలో ముచ్చట పెట్టడం నాకు ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టం మార్కుల్లోకి ఎంత జారిందో ఇప్పుడు చెప్పలేను, కొంతైతే జారింది.

రెండో ఆమె స్వప్న. సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే ఇంటి పిల్ల. ఇరవై నాలుగేళ్లుంటాయి. పాస్ బాగుంది, ట్యాకిల్ ఇంకా బాగుంది. మాట గడిలో పదికి ఒకటి వేశాను. ఆ ఒకటి కూడా దయతలచి వేసిందే. మైదానంలో ఆమె గొంతు నేను వినలేదు.

రెండో రోజే పిలిచి అడిగాను. "నీ పక్కకున్నదానికి ఏం చెప్పకపోతే అదేం చెయ్యాలే?"

"చూస్తనే ఉన్న మేడం," అంది మెల్లగా.

"నువ్వు చూస్తే సరిపోతదా? ఆమెకు చెప్పవా?"

తల వంచుకుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అరుస్తూ మైదానం చుట్టూ ఐదుసార్లు ఉరకమన్నాను. ఉరికింది, అరవబోయింది గానీ కేక పైకి రాలేదు. మూడో చుట్టులో గొంతు బొంగురుపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అయినా ఆపలేదు. ఆ పని తలుచుకుంటే నాకు ఈరోజుకూ సిగ్గేస్తుంది.

ఆమెకు ఇది చివరి అవకాశం అని కూడా నాకు తెలుసు. బట్టలు కుట్టే యూనిట్‌లో పనిచేసేది. మూడు వారాల సెలవు మళ్లీ అడిగితే పనిలోంచి తీసేస్తామని చెప్పి పంపారు. జట్టులో పేరు రాకపోతే ఆట బంద్ చేస్తానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. ఇదంతా శిరీష నాతో చెప్పింది, నేను అడగకుండానే. జాలిపడి జట్టు కట్టలేం కదా అనుకున్నాను. రెండో వారం మొదట్లోనే నా చిత్తు జాబితాలో పన్నెండుకు మోనాలి పేరు రాసుకున్నాను. స్వప్న పేరు ఇరవై ఆరులో ఎక్కడా లేదు.

డిఫెన్స్ చేసేవాళ్ల ముఖాలు కనపడాలని మేం ముగ్గురం ఎప్పుడూ వాళ్లకు ఎదురుగా నిలబడేవాళ్లం. ఆ బుధవారం సాయంత్రం వాన దంచికొట్టింది. దగ్గర్లో ఉన్న రేకుల షెడ్డులోకి ఉరికాను. అది గోల్ స్తంభాల వెనక ఉంది, అంటే డిఫెన్స్ వాళ్ల వీపు వైపు. హెడ్ కోచ్ మేడం వానలోనే ఆట సాగించింది. రేకుల మీద చప్పుడుకు నాకు నా మాటే వినపడడం లేదు. మైదానంలోనూ అంతే, ఎవరు అరిచినా ఎవరికీ అందడం లేదు. మోనాలి గొంతు చించుకుంటోంది, ఆమె పక్కన ఆడుతున్న అమ్మాయి అటా ఇటా అని తికమకపడుతోంది. రెండుసార్లు వాళ్ల మధ్యలోంచే బంతి పోయింది.

తర్వాత స్వప్న, శిరీషల వంతు. వాళ్ల మధ్యలోంచి ఏదీ పోలేదు. ఎందుకా అని చూస్తే అప్పుడు కనిపించింది, స్వప్న ఎడమ చెయ్యి. నడుము వెనక ఉంది ఆ చెయ్యి. పిడికిలి మూసుకుంది, అడుగు వెనక నిలబడ్డ శిరీష బయటికి జరిగింది. వేళ్లు విచ్చుకున్నాయి, శిరీష లోపలికి వచ్చింది. శిరీష ఆమె ముఖం వైపు చూడనే లేదు.

ఆట అయ్యాక శిరీషను పట్టుకున్నాను. ఆ చేతి సంగతేందని అడిగితే, నాకు ఇన్నాళ్లూ తెలియదా అన్నట్టు చూసింది.

"ఆమె మాట్లాడుతనే ఉంటది మేడం. మీరే అవుతలి దిక్కు నిలవడ్తరు," అంది.

ఆదివారం క్యాంపుకు సెలవు. స్వప్నతో కలిసి సిరిసిల్ల బస్సెక్కాను. నేను వస్తానంటే ఆ పిల్ల పరేషాన్ అయింది, ఇంటికొచ్చి చెడు చెబుతాననుకుంది పాపం. ఇంటిని ఆనుకునే సాంచాల షెడ్డు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఎనిమిది సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు చెవుల్లో కాదు, పళ్లల్లో తెలుస్తుంది. వాళ్ల బాపు ఆ చివర ఉన్నాడు, తల్లి ఈ చివర కండెలకు దారం చుడుతోంది. నన్ను చూడగానే ఆయన దండం పెట్టి, భార్య వైపు తిరిగి రెండు వేళ్లు కదిపాడు. నా చేతికి మంచినీళ్లు వచ్చాయి. ఇంకోసారి అరచెయ్యి తిప్పాడు, కుర్చీ వచ్చింది. అంతసేపట్లో ఎవరూ నోరు తెరవలేదు. నేను కుర్చీలో కూర్చునేలోపే స్వప్న నా పక్కనుంచి కదిలి మూడో సాంచా దగ్గరికి పోయి చెయ్యి పెట్టి ఆపింది. దారం తెగబోతోందట. నాకు దారమే కనపడలేదు.

చాయ్‌కి బయటికి వచ్చాక ఆయనతో మాట్లాడాను. బిడ్డ మైదానంలో మాట్లాడదని మార్కులు తగ్గించానని దాచకుండా చెప్పాను. ఆయన కోపం చేసుకోలేదు.

"ఈ షెడ్డుల పుట్టి పెరిగింది మేడం. ఇక్కడ ఒర్రితే గొంతు పోతది గని పని కాదు. మేం గిట్లనే మాట్లాడుకుంటం," అన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "అది అరుస్తలేదని తీసేస్తె తీసెయ్యిండ్రి. చూస్తలేదని మాత్రం అనకుండ్రి," అన్నాడు.

ఐదు చుట్లు ఉరికించిన సంగతి తిరుగు బస్సులో దారంతా మనసులో తిరుగుతూ ఉంది. కరీంనగర్ బస్టాండులో దిగాక, అట్లా ఉరికించడం నా తప్పు బిడ్డా అని చెప్పాను. టీచర్ తప్పు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో ఆ పిల్లకు తెలియలేదు. నా చేతిలో సంచి తీసుకుని ముందు నడిచింది.

మర్నాడు మిగతా ఇద్దరికీ చెబితే హెడ్ కోచ్ మేడం వెంటనే ఒప్పుకోలేదు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆ చెయ్యి శిరీషకు ఒక్కదానికే అర్థమైతే, శిరీషకు దెబ్బ తగిలిన రోజు ఏం చేస్తారు? స్వప్ననే అడిగాం. నాలుగు రోజులు టైం ఇస్తే అందరికీ నేర్పిస్తానంది. క్యాంపులో ఆమె నోరు తెరిచి గట్టిగా చెప్పిన మొదటి మాట అదేననుకుంటాను. నేర్పించింది కూడా. అందరికంటే ముందు నేర్చుకున్నది మోనాలి. తన చోటుకు ఎసరొస్తోందని తెలిసే నేర్చుకుంది, నాకు ఆ పిల్ల మీద గౌరవం అక్కడ పెరిగింది. అయితే నేనూ స్వప్నను పూర్తిగా వదల్లేదు. ఎదుటివాళ్లు బంతిని మన వరస వెనక్కి తన్నినప్పుడు దూరంగా చివరన ఉన్న అమ్మాయికి చెయ్యి కనపడదు, దానికి ఒక్క కేక కావాల్సిందే అన్నాను. ఆ ఒక్క కేక కోసం రోజూ పొద్దున శిరీష ఆమెను అటు చివర నిలబెట్టి అరిపించేది.

చివరి ట్రయల్‌కు డప్పులు కొట్టే నలుగురిని పిలిపించి మైదానం అంచున నిలబెట్టాను. పోటీ రోజు జనం గోల అంతకంటే తక్కువ ఉండదని నా వాదన. ఒడిశా సారు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మొదటి సగం మోనాలి, శిరీష. రెండో సగం స్వప్న, శిరీష. మోనాలి బాగానే ఆడింది, చేతి సైగలు వాడింది. కానీ కొత్తగా నేర్చుకున్నది కదా, సైగ చేసే ముందు ఆమె ఒకసారి ఆలోచిస్తోంది. ఆ ఆలోచించే సందులోంచి ఒకసారి బంతి పోయింది. స్వప్న కూడా ఒక ట్యాకిల్ తప్పింది. కానీ వాళ్ల జంట మధ్యలోంచి ఏదీ పోలేదు. చివర్లో ఎదుటివాళ్లు బంతిని వెనక్కి తన్నారు. డప్పులను దాటి ఒక కేక వినిపించింది. ఎవరిదో అని నేను నిజంగానే అటూ ఇటూ చూశాను.

ఆ సాయంత్రం ముగ్గురం ఒకే మాట మీదికి వచ్చాం. పన్నెండు స్వప్న, పదమూడు శిరీష. మోనాలి రిజర్వ్‌లో. జాబితా చదివినప్పుడు స్వప్న ఏడవలేదు, నేనే ఏడ్చాను. పోటీలో మొదటి మ్యాచ్ ఓడిపోయాం, రెండోది గెలిచాం. ఓడినప్పుడు కూడా బంతి అంచుల నుంచే పోయింది గానీ ఆ ఇద్దరి మధ్యలోంచి పోలేదు.

ఇప్పుడు నా ఫారంలో మాట అనే గడి లేదు. పక్కదానికి తెలిసిందా లేదా అని రాసుకుంటాను. అది చూడాలంటే సగం సేపు ఎదురుగా, సగం సేపు వెనక నిలబడతాను. ఈ సంగతి నాకు నేర్పింది అంతేనని చెబితే సగమే చెప్పినట్టు. ఇంటికి వచ్చాక పాత నోటుపుస్తకాలు తీశాను. ఎంతమంది పేర్ల పక్కన నా చేత్తోనే "మాట్లాడదు, వద్దు" అని రాశానో చూశాను. అందరినీ లెక్కపెట్టే ధైర్యం రాలేదు. కొందరి నంబర్లు దొరికాయి. చెన్నూరు అమ్మాయి ఒకామె ఫోన్ ఎత్తింది. ఎనిమిదేళ్ల కింద నేను ఇంటికి పంపిన పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నేను ఎవరో చెప్పి, ఆ రోజు నేను నిన్ను సరిగా చూడలేదు బిడ్డా అన్నాను. అవతల పిల్లల అల్లరి వినిపించింది. ఈసారి నేను తొందరపెట్టకుండా ఆగాను.

"గిప్పుడు ఉరుకుడైతదా మేడం నాతోని?" అని అడిగింది.

మా బడి మైదానానికి రమ్మంటే ఆదివారం పొద్దున లక్సెట్టిపేటలో బస్సు దిగి వచ్చింది. చేతిలో కొత్త బూట్ల డబ్బా ఉంది.