జంపక్క చెప్పిన కొత్త కండ

భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న మా చిన్న దవాఖానాలో డాక్టర్లు మారేవారు, నర్సు జంపక్క మాత్రం మారేది కాదు. ముప్పై ఏళ్లుగా పుళ్లు కడిగిన చెయ్యి. ల్యాబ్‌లో నేను రిపోర్టు రాసేలోపే ఏ పుండు మానుతుందో చెప్పేసి, "నీ మిషన్ ఇంకా నిద్ర లేవలేదా వనజా?" అనేది. నాకు ఒళ్లు మండేది. చాలాసార్లు ఆమె మాటే నిజమయ్యేది మరి.

2006లో దూలయ్య కాలికి కట్టు కట్టించుకోవడానికి ఆమె దగ్గరికి వచ్చేవాడు. చిన్నప్పుడు ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులు తగలబెడుతుంటే అతని పిక్క కాలింది. ఆ మచ్చ మీద మూడేళ్లుగా మానని పుండు. దాని అంచున ఎర్రగా కండ లేస్తుంటే జంపక్క మురిసిపోయింది.

"కొత్త కండ పడుతుంది దూలయ్యా, ఇగ మానుడే."

ఎనిమిది నెలలు అదే మాట. పుండు మానలేదు, కండ మాత్రం గోబిపువ్వులా పైకి లేచింది. ముక్క తీసి పరీక్షకు ఖమ్మం పంపుదామన్నాను.

"పుళ్ల సంగతి నాకు నేర్పుతవా?" అని కసిరింది జంపక్క.

నేనూ తక్కువ దాన్ని కాదు. పుండు రసి స్లైడు మీద పూసి, ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. స్లైడు నిండా తెల్లకణాలే.

"దెబ్బ తగిలితే ముందు ఉరికొచ్చేది ఇవే అక్కా. క్రిములను తింటాయి, చచ్చిన కండను ఊడుస్తాయి, కొత్త కండ కట్టమని పురమాయిస్తాయి. పనయ్యాక వెళ్లిపోవాలి. మానని పుండులో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఆ మంటలో ఏదైనా కణం చెడితే, ఆ పురమాయింపుతో క్యాన్సర్ కూడా పెరుగుతుంది."

జంపక్క చాలాసేపు కన్ను తీయలేదు. ఆ రోజే ముక్క తీయించింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది, క్యాన్సరే. గెలిచానని సంతోషిద్దామంటే ఆమె ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

వరండాలో అందరి ముందూ దూలయ్య పక్కన కూర్చుంది.

"నేను తప్పు చెప్పిన. అది మంచి కండ కాదు, క్యాన్సర్."

"కాలు తీస్తరా?"

"ఎముకకు అంటకుంటే తియ్యరు. హైదరాబాద్ దాకా నేను గూడ వస్త."

"నువ్వొస్తనంటే పోదాం అక్కా" అన్నాడు దూలయ్య.

హైదరాబాద్‌లో చూస్తే ఎముకకు అంటలేదు. చెడిన కండ కోసేసి, తొడ చర్మం తెచ్చి అతికారు. కాలు దక్కింది. నెల తర్వాత డ్రెస్సింగ్‌కు వచ్చినప్పుడు, అతుకు పట్టని కాస్త చోట అడుగు నుంచి ఎర్రగా కండ కనబడింది. దూలయ్య కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఇది గూడ కోసెయ్యమను అక్కా."

జంపక్క వంగి చూసింది. సమంగా ఉంది, అంచు దాటలేదు.

"దీన్ని కొయ్యొద్దు. గిది నిన్ను నిలబెట్టే కండ" అంది. అని, తల తిప్పి ల్యాబ్ వైపు కేకేసింది. "వనజా, జల్దీ రా. నేను చూసింది సరేనా, నువ్వు గూడ చూసి చెప్పు."